జమ్మలమడుగు దగ్గర కొత్తపల్లె

నాకు ముప్పై రెండేళ్లకే పదవీ విరమణ అయింది. శాలువా కప్పలేదు, దండ వెయ్యలేదు, వీరి సేవలు మరువలేనివి అని ఎవరూ మైకులో చెప్పలేదు. ఓట్ల లెక్కింపు రోజు పదకొండో రౌండు అయ్యాక మా అన్న టీవీ కట్టేసి, "ఇంటికి పోదాం పా శీనా" అన్నాడు. అంతే. ఆయన మాజీ ఎమ్మెల్యే అయ్యాడు, నేను మాజీ పీఏ అయ్యాను. మాజీ ఎమ్మెల్యేకి పింఛను వస్తుంది. మాజీ పీఏకి ప్రొద్దుటూరులో వాళ్ల నాయన బట్టల అంగట్లో ఒక కుర్చీ వస్తుంది. నాకొచ్చిన దానికి ఒక చెయ్యి లేదు.

ఈ మధ్య డిగ్రీ అయిపోయినవాళ్లు ఇద్దరు అంగడికి వచ్చి, ఎమ్మెల్యే దగ్గర పీఏగా చేరాలంటే ఏం చదవాలన్నా అని అడిగారు. ఊర్ల పేర్లు చదవడం వస్తే చాలని చెప్పాను. ఎగతాళి చేస్తున్నాననుకుని, కనీసం ఒక తువ్వాలు కూడా కొనకుండా వెళ్లిపోయారు. నిజానికి నేను ఎగతాళి చెయ్యలేదు. ఐదేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు ఒక ఊరి పేరు దగ్గరే జరిగింది. అది ఒక ముసలాయన ప్రాణం మీదికి వచ్చింది, మా అన్న పదవి మీదికీ వచ్చింది. ఈ పనిలోకి దిగబోయేవాళ్లు చదువుకుంటారని రాస్తున్నాను. మధ్యాహ్నం పూట అంగడికి ఎట్లాగూ ఎవరూ రారు.

మా నియోజకవర్గం పేరు రాయను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బస్సులు ఒకదానికొకటి ఎదురయ్యే రోడ్ల మధ్య యాడో ఒకచోట ఉందనుకోండి. పార్టీల పేర్లూ రాయను. రాసినా, మీరు చదివే రోజుకు ఎవరు ఏ పార్టీలో ఉంటారో నేను పూచీ పడలేను.

ఎవరికీ అడ్డం రాని మనిషి

మా అన్న పేరు ఓబులేసు. సొంత అన్న కాదు. మా వైపు గెలిచినవాళ్లందరూ అన్నలే. ఆయన కబడ్డీ ఆటగాడు. బడి వెనక మట్టిలో మొదలుపెట్టి, జిల్లాకు ఆడి, రాష్ట్రానికి ఆడి, ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం తెచ్చుకున్నాడు. కూతకు పోవడంలో పేరున్నవాడు. కూత అంటే, అవతలి వాళ్ల గడిలోకి ఒక్కడే పోయి, ఊపిరి తెగకుండా కబడ్డీ కబడ్డీ అంటూ ఎవరినో ఒకరిని తాకి తిరిగి రావడం. ఊపిరి అక్కడే తెగిపోతే ఔటే. ఆ కాలంలో ఆయనను చూసినవాళ్లు, కూతకు పోయి మధ్యలో ఒక బీడీ తాగి వచ్చేంత ఊపిరి ఉండేదని చెబుతారు. అబద్ధమే గానీ, చెప్పేవాళ్లందరూ అదే అబద్ధం చెబుతారు.

కుడి మోకాలు పోయాక ఆట పోయింది. ఆట పోయాక రైల్వేవాళ్లు ఆయనకు పని చెప్పడం మొదలుపెట్టారు. అది ఆయనకు నచ్చలేదు. ఊరికొచ్చి చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టాడు. ఆ తోటలో ఉండగా టికెట్ వచ్చింది.

ఎట్లా వచ్చిందంటే, ఆ ఎన్నికలకు మా పార్టీలో రెండు పెద్దిండ్లు టికెట్ కోసం పట్టుబట్టాయి. ఎవరికిచ్చినా రెండోవాళ్లు ఓడగొడతారు. ఎవరికీ అడ్డం రాని మనిషి కావాల్సి వచ్చాడు. ఆ రెండిండ్లదీ మా అన్నదీ ఒకే వంశం గానీ, ఆయన వాటాకు వచ్చేసరికి భూమి సన్నబడింది, బంధుత్వం పలచబడింది. ఐదేండ్లు కూచోబెడదాంలే, తర్వాత చూసుకుందాం అని రెండిండ్లవాళ్లూ ఒప్పుకున్నారు. వాళ్లిద్దరూ ఒప్పుకున్న మొదటి విషయం అదే, చివరిదీ అదే. ఆయన గెలిచాడు. పార్టీ మాత్రం రాష్ట్రంలో ఓడిపోయింది. అట్లా మేం ప్రతిపక్షంలో కూచున్నాం.

నన్ను పనిలోకి తీసుకున్న కారణం కూడా చెప్పాలి. ఎన్నికల కరపత్రం మా అంగడి పక్క ప్రెస్సులోనే అచ్చయింది. అందులో ఓబులేసు అనేది ఓబులేపు అని పడింది. నేను చూసి చెప్పాను. "పేర్లు సరింగా చూస్తాండావు, నా దగ్గరికి రాప్పా" అన్నాడు. పేర్లు సరిగ్గా చూస్తానన్న ఒక్క గుణం మీద నాకు ఉద్యోగం వచ్చింది. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఆగు

ఎమ్మెల్యే చట్టాలు చేస్తాడని పుస్తకాల్లో ఉంటుంది. ఐదేళ్లలో మా ఆఫీసుకు చట్టం కోసం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ట్రాన్స్‌ఫార్మర్ కోసం వస్తారు, బదిలీ కోసం వస్తారు, స్టేషన్‌కు ఒక ఫోన్ కొట్టమని వస్తారు, ఆసుపత్రికి చీటీ రాయమని వస్తారు. పీఏ పని ఆ వచ్చినవాళ్లలో ఎవరు ఈరోజు తప్పితే రేపు పనికిరాదన్నంత అవసరంలో ఉన్నారో కనిపెట్టడం. మిగతా పనంతా ఫోన్ ఛార్జింగు.

శాసనసభ జరిగే రోజుల్లో మాత్రం వెలగపూడి పోయి మాట్లాడాలి. మా అన్న మొదటిసారి మాట్లాడినప్పుడు ఇచ్చిన రెండు నిమిషాలూ ఒకే ఊపిరి మీద లాగేశాడు. అవతలి గడిలో ఊపిరి తీస్తే ఔటని ఆయన ఒంట్లో ఉండిపోయింది. సభలో ఉన్నది మొత్తం అవతలి గడే కదా. ఆయన మాట్లాడింది రాసుకునేవాళ్లు కలాలు కింద పెట్టి చూస్తూ కూచున్నారు.

దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. తర్వాతిసారి ఉపన్యాసం రాసిచ్చినప్పుడు ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా బ్రాకెట్లో ఆగు అని రాశాను. ఆయన ఆటగాడు. కోచ్ చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. "అధ్యక్షా, మైలవరం నీళ్లు ఆగు, దక్షిణ కాలువకు ఆగు, ఈ నెలలోనే ఆగు."

మర్నాడు ఒక చిన్న పేపర్లో, మైలవరం నీళ్లు ఆపాలని ఎమ్మెల్యే డిమాండ్ అని వచ్చింది. పొద్దున్నే ఒక రైతు ఫోన్ చేసి, మా మీద మీ ఆయనకు ఏం కక్షప్పా అని అడిగాడు. సభలో మాట్లాడిన మాటలు అచ్చుకు ముందు మనకు పంపి దిద్దుకోమంటారు కాబట్టి రికార్డులో అన్ని ఆగులూ తీసేశాను. రైతులకు పంపి దిద్దుకోమనే ఏర్పాటు లేదు. వాళ్ల ఊర్లకు పోయి ఒక్కొక్కరికీ చెప్పుకోవాల్సి వచ్చింది.

అప్పటి నుంచి పంక్తికి ఒక్క వాక్యమే రాసిచ్చేవాణ్ణి. పంక్తి మారినప్పుడు మనిషికి దానంతటదే ఊపిరి వస్తుంది. కొత్తవాళ్లు ఇది వాడుకోండి.

పట్టు

ఊర్లకు పోవడం కూడా ఆయనకు కూతకు పోయినట్టే. పోతాడు, ఇంటి పెద్దను పలకరిస్తాడు, భుజం మీద చెయ్యేస్తాడు, వచ్చి కారెక్కుతాడు. పూటకు పదకొండు ఇండ్లు. ఆ పట్టిక వేసింది నేనే. అదేదో గొప్ప సామర్థ్యమనుకునేవాణ్ణి. మా సీమలో ఇంటికొచ్చిన మనిషి మజ్జిగ కూడా తాగకుండా పోతే, ఆ సంగతి ఆ ఇంట్లో మనవళ్ల దాకా గుర్తుంటుంది. ఓడిపోయాక కూర్చుని లెక్కేసుకుంటే, మేం తిరిగిన ఊర్లలోనే ఓట్లు ఎక్కువ పోయాయి.

కొత్తపల్లె సుంకమ్మ ఒక్కతే ఆయన్ను పట్టింది. ఊరి అసలు పేరు మార్చి కొత్తపల్లె అంటున్నాను. మా జిల్లాలో కొత్తపల్లెలకు కొదవ లేదు, ఎవరూ అలగరు. ఆ ఊరికి పోవాలంటే ఒక వంక, అంటే వాగు, దాటాలి. దాని మీద నేలబారు కాజ్‌వే ఒకటి ఉంది. వంక పారితే అది నీళ్లకిందికి పోతుంది, ఊరు అవతల ఉండిపోతుంది.

ఒక శుక్రవారం పొద్దున ఆ ఊర్లో ఎవరో పోతే పలకరించడానికి వెళ్లాం. మా పట్టిక ప్రకారం ఆ ఊరికి ఇరవై నిమిషాలు. తిరిగి వస్తుంటే సుంకమ్మ తన ఇంటి ముందు గిన్నె నిండా బొరుగుల ఉగ్గాని పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. అరవై దాటిన మనిషి. అన్న మోకాలు చూపించాడు, గడియారం చూపించాడు, నన్ను చూపించాడు.

"తిని పోవాల. మేము ఓటు సగమేసి రాలేదు గదా" అంది.

కూర్చున్నాడు. ఉగ్గాని సగం తినేలోపల పైన యాడో కురిసిన వాన వంకలోకి దిగింది. మాకిక్కడ చినుకు లేదు. కాజ్‌వే కనపడకుండా పోయింది. కారు, ఎమ్మెల్యే, పీఏ, గన్‌మన్ అందరం కొత్తపల్లెలో చిక్కుబడ్డాం. మిగతా ఎనిమిది ఇండ్లకు ఫోన్ చేసి రాలేమని చెప్పాను. తర్వాత తెలిసింది, వాళ్లు సంతోషించారట.

ఆ ఇంట్లో మంచం మీద సుంకమ్మ భర్త పుల్లన్న కూర్చుని ఉన్నాడు. ఉతికిన పంచె, చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవర్లో ఆసుపత్రి ఫైలు. పెళ్లికి తయారైనట్టు ఉన్నాడు. మా అన్న మనిషి మొహం కన్నా ముందు కాళ్లు చూస్తాడు. ఎదుటివాడు ఎటు కదులుతాడో కాళ్లే చెబుతాయట. పుల్లన్న కాళ్లు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. అన్న వంగి బొటనవేలితో నొక్కి చూశాడు. గుంట పడింది. కాసేపటికి గానీ పూడలేదు.

పుల్లన్నకు కిడ్నీలు పనిచెయ్యవు. మంగళవారం, శుక్రవారం ప్రొద్దుటూరు పోయి మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. అప్పుడు చేయించుకోకపోతే ఆ నీళ్లు ఒంట్లోనే ఉంటాయి. ఒక విడత తప్పితే కాళ్లు ఉబ్బుతాయి, రెండు తప్పితే ఊపిరి ఆడదు, మూడోది ఎవరూ చెప్పరు. అంతకుముందు మంగళవారం కూడా వంక పారింది.

"నేనూ ఆ వంకా ఇద్దరమూ నీళ్లతోనే గొడవ పడతాండాం సార్. వంకకు బయటికి పోయే దావ ఉండాది, నాకు లేదు" అన్నాడు పుల్లన్న. ఆయన నవ్వలేదు కాబట్టి మేమూ నవ్వలేదు.

సాయంత్రం నాలుగింటికి వంక తగ్గింది. మా కారులోనే వాళ్లిద్దర్నీ ప్రొద్దుటూరికి తీసుకెళ్లాం. ఆయన వంతు దాటిపోయినా చివర్లో ఎక్కించుకున్నారు. దార్లో సుంకమ్మ ఎత్తు వంతెన ఒకటి కావాలంది. ముప్పై ఏండ్లుగా అందరూ చూద్దామన్నారంది.

పీఏ నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఈ మాటల తేడా. చూద్దాం అంటే కాదని. చేద్దాం అంటే చూద్దామని. కట్టిస్తా అనే మాట ఎన్నికలప్పుడు తప్ప అనకూడదు, ప్రతిపక్షంలో ఉండగా అసలే అనకూడదు. మా అన్న వెనక సీటుకు తిరిగి, "కట్టిస్తానక్కా" అన్నాడు. నేను వాళ్ల పక్కనుంచి కళ్లతో సైగ చేశాను. ఆయన నా కాళ్లు చూడలేని చోట కూర్చున్నందువల్లేమో, అర్థం చేసుకోలేదు.

నేను రాసిన ప్రశ్న

ఏడాది పాటు ఉత్తరాలు రాశాం. ఉత్తరాలకు ఉత్తరాలు వచ్చాయి. చివరికి సభలో ప్రశ్న వేద్దామన్నాడు. ప్రశ్న ముందుగా రాసిస్తే, మంత్రి దానికి జవాబు రాసి, ఆ రోజు పొద్దున అందరికీ పంచి, సభలో చదువుతాడు. రాసేది నేనే.

సుంకమ్మ ఇచ్చిన అర్జీలు పక్కన పెట్టుకుని రాశాను. ప్రతి అర్జీలోనూ జమ్మలమడుగు దగ్గర కొత్తపల్లె అని ఉంది. నేనూ జమ్మలమడుగు కొత్తపల్లె వంకపై వంతెన అని రాశాను. దాని అవసరం ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, వస్తే పని ఎందాకా వచ్చింది, రాకపోతే ఎందుకు రాలేదు అని ఎ, బి, సి మూడు ముక్కలుగా అడిగాను.

మావాళ్లు ఊరి గుర్తు ఎట్లా చెబుతారంటే, ఆ ఊరివాళ్లు సంతకు ఏ వూరు పోతారో దాని పేరు కలిపి చెబుతారు. కొత్తపల్లెవాళ్లు సంతకూ, కాలేజీకీ, చెప్పులకూ, సినిమాకూ జమ్మలమడుగే పోతారు. కాబట్టి అది జమ్మలమడుగు దగ్గర కొత్తపల్లె. కాగితాల ప్రకారం ఆ ఊరు ముద్దనూరు మండలం. ఆ సంగతి ఊర్లో వీఆర్వోకు తెలుసు, కాగితానికి తెలుసు. ఇంకెవరికీ అవసరం పడలేదు.

అట్లాగే జమ్మలమడుగు మండలంలో నిజంగానే ఇంకో కొత్తపల్లె ఉంది. దాన్ని మేం పుట్టినప్పటి నుంచి నాపరాళ్లపల్లె అనే అంటాం. దాని రికార్డు పేరు కొత్తపల్లె అని బహుశా ఆ ఊరికి కూడా తెలియదు. దాని పక్కనా ఒక వంక ఉంది. దాని మీద వంతెన పూర్తయి చాలాకాలమైంది.

ఇవేవీ తెలియకుండా, పేర్లు సరిగ్గా చూస్తాడని ఉద్యోగంలో పెట్టుకున్న నేను, ప్రశ్న పంపి హాయిగా ఉన్నాను.

చెయ్యెత్తడం

ప్రశ్న వంతు వచ్చిన రోజు పొద్దున వెలగపూడిలో జవాబు కాగితం చేతికొచ్చింది. ఎ, అవునండి. బి, వంతెన నిర్మాణం పూర్తయినది. సి, ప్రశ్న ఉత్పన్నం కాదు.

మా పార్టీవాళ్లకు పండగైంది. లేని వంతెన ఉందని మంత్రే రాసిచ్చాడు. ఇంతకన్నా ఏం కావాలి. మా అన్న మోకాటి లోతు నీళ్లలో కాజ్‌వే మీద నిలబడిన ఫొటో పెద్దది చేయించారు. సభను తప్పుదోవ పట్టించిన మంత్రి రాజీనామా చెయ్యాలని అట్టలు రాయించారు. మా విప్ అన్న భుజం తట్టి, "ఈరోజు అన్ని టీవీల్లో నువ్వే" అన్నాడు. అన్న తలూపాడు. రెండేళ్లుగా వెనక వరసలో కూచున్న మనిషికి అది మామూలు మాట కాదు.

నేను క్యాంటీన్లో ఇడ్లీ తింటూ కాగితం మళ్లీ చదివాను. అబద్ధం ఇంత పొట్టిగా, ఇంత ధైర్యంగా ఎవరూ రాయరనిపించింది. అబద్ధమైతే పురోగతిలో ఉన్నది అని రాస్తారు. అనుమానం వచ్చి మా వైపు ఇంజనీరుకు ఫోన్ చేశాను. ఆయన పులివెందులలో పెళ్లిలో ఉన్నాడు. వెనక మేళం మోగుతోంది.

"ఏ కొత్తపల్లె?" అన్నాడు.

జమ్మలమడుగు కొత్తపల్లె అన్నాను.

"అది నాపరాళ్లపల్లె కదప్పా. ఎప్పుడో అయిపాయ. మీ ఎమ్మెల్యే దాని మీదనే గదా ఇంటికి పోయేది" అన్నాడు. తర్వాత, వంక కొత్తపల్లె ముద్దనూరు మండలమని, నేను ఇన్నాళ్లూ ఏం చేస్తున్నానని కూడా అడిగాడు. రెండోదానికి మేళం వల్ల వినపడలేదని చెప్పి పెట్టేశాను.

ప్లేటు పక్కకు పెట్టాను. నా ముందు రెండు దారులున్నాయి. ఏమీ తెలియనట్టు ఉంటే ఆ రోజుకు మా అన్న వీరుడు. సాయంత్రానికి మంత్రి నాపరాళ్లపల్లె వంతెన ఫొటో విడుదల చేస్తాడు. ఆ తర్వాత ఏ ఆఫీసుకు పోయినా కొత్తపల్లె వంతెన అంటే నవ్వుతారు. పుల్లన్న మంగళవారాలూ శుక్రవారాలూ ఆ నవ్వులో కొట్టుకుపోతాయి. చెబితే నా ఉద్యోగం పోతుంది. కాసేపు నిజంగానే బేరం వేసుకున్నాను. గొప్ప కోసం అబద్ధం చెప్పను.

అప్పటికే సభ మొదలైంది. పీఏలను లోపలికి రానివ్వరు. చీటీ రాసి అటెండరు చేత పంపాను. అన్నా, తప్పు నాది. మంత్రి చెప్పింది వేరే కొత్తపల్లె, అది నాపరాళ్లపల్లె. మనది ముద్దనూరు మండలం. అరవద్దు. ఇదీ చీటీ. బయట టీవీ ముందు నిలబడి చూశాను.

మంత్రి జవాబు చదివాడు. మావాళ్లు బల్లలు చరచడం మొదలుపెట్టారు. అట్టలు సగం పైకి లేచాయి. మా అన్న లేచి నిలబడి, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తాడు.

అధ్యక్షులు, "ఓబులేసు గారూ, మీకే అవకాశం ఇచ్చాను, చెయ్యి దించి మాట్లాడండి" అన్నారు. సభంతా నవ్వింది.

వాళ్లకు తెలియదు. కబడ్డీలో ఒక్కోసారి తాకింది వేలి కొస అంతే ఉంటుంది. రిఫరీకి కనపడదు, తాకినవాడికీ తెలియదు. తాకించుకున్నవాడికి మాత్రమే తెలుస్తుంది. నికార్సైన ఆటగాడు అప్పుడు ఈలకోసం చూడడు. తనే చెయ్యెత్తి బయటికి నడుస్తాడు. మా అన్న చెయ్యెత్తింది మాట్లాడటానికి కాదు.

"అధ్యక్షా, మంత్రిగారు చెప్పింది నిజం" అన్నాడు. బల్లల చప్పుడు ఆగింది. "ఆ వంతెన ఉండాది. నేనే దాని మీద పోతా వస్తా ఉంటా. మేము అడగాల్సింది వేరే కొత్తపల్లె. అది ముద్దనూరు మండలం. పేరు తప్పు రాసినాం. తప్పు నాది."

నాది అన్నాడు. మా పీఏది అనలేదు. అనొచ్చు, అందరూ అదే అంటారు, పీఏలను పెట్టుకునేదే అందుకు.

తర్వాత ఒక్కో వాక్యానికీ ఊపిరి తీసుకుంటూ పుల్లన్న సంగతి చెప్పాడు. వంక పారితే మిషన్ కాడికి పోలేడన్నాడు. "ఇది గొడవ కాదు అధ్యక్షా, అడగడమే" అని కూర్చున్నాడు.

యుద్ధానికి తయారై వచ్చిన మంత్రికి ఎదురుగా ఎవరూ లేకుండా పోయారు. చేతిలో ఉన్న కాగితాలు అటూ ఇటూ తిప్పి, "సభ్యులు వివరాలు పంపితే తప్పకుండా పరిశీలిస్తాం" అన్నాడు. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. అట్టలు ఎట్లా లేచాయో అట్లా దిగాయి.

బయట కూచోవడం

మా విప్ నన్ను పిలిచి మాట్లాడింది ఇక్కడ రాయదగింది కాదు. టీవీలవాళ్లు మాత్రం మాట తప్పలేదు, అన్ని టీవీల్లోనూ మా అన్నే వచ్చాడు. పేరు తప్పు రాసినాం, తప్పు నాది అన్న రెండు ముక్కలు కత్తిరించి, ఊరి పేరు తెలియని ఎమ్మెల్యే అని వేశారు. పుల్లన్న సంగతి దాకా ఎవరూ రానివ్వలేదు.

మర్నాడు రాజీనామా రాసుకుని ఆయన దగ్గరికి పోయాను. చదివి, అందులో ఒక అక్షరం తప్పుందని చూపించాడు. తర్వాత అన్నాడు: "నేను శానాసార్లు ఔటైనా శీనా. ఎవురూ ఆట మానుకోమనలేదు. కొంచేపు బయట కూచోమన్నారు. నువ్వు మూడు దినాలు బయట కూచోని రా."

ఆ మూడు రోజులూ బస్సులెక్కి నియోజకవర్గమంతా తిరిగాను. ప్రతి ఊరికీ కాగితం మీద పేరు ఒకటి, నోటి పేరు ఒకటి, మండలం ఒకటి, సంత ఊరు ఒకటి నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఊరి పేరేందని అడిగితే, కనపడ్డంలేదా అని బోర్డు చూపించినవాళ్లున్నారు. బోర్డు మీద పేరు మూడోది. కొత్తగా చేరేవాళ్లు మొదటి వారంలోనే ఈ పుస్తకం రాసుకోండి. నాకు రెండేళ్లు పట్టింది.

ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. బయట పరిశీలిస్తాం అంటే మర్చిపొమ్మని. సభలో మంత్రి నోటి నుంచి వస్తే మాత్రం అది హామీ కింద రాసుకుంటారు. ఆ హామీలు ఏమయ్యాయని అడగటానికి ఒక కమిటీయే ఉంది. మా అన్న ఆ రోజు అరిచి ఉంటే మంత్రి కూడా అరిచేవాడు. అరుపును హామీగా రాసుకోరు. ఆయన ఇదంతా లెక్కేసుకుని చెయ్యెత్తాడని నేను చెప్పను. ఆయనకు అంత లెక్క రాదు. తాకింది కాబట్టి చెయ్యెత్తాడు.

నేను సరైన మండలంతో వివరాలు పంపాను. తర్వాత మూడు నెలలకోసారి గుర్తుచేశాను. రెండు వానాకాలాలు గడిచాయి. వంక పారే సూచనలుంటే ముందురోజే మస్తాన్ అనే కుర్రాడి ఆటో పంపి పుల్లన్నను ప్రొద్దుటూరికి తెచ్చి, మా అంగడి వెనక గదిలో పడుకోబెట్టేవాళ్లం. మా నాయన మొదట గొణిగాడు గానీ, పుల్లన్న పంచెల నాణ్యం పట్టి చెప్పగలడని తెలిశాక ఆయనకు కాలక్షేపమైంది. ఒకసారి మాత్రం సూచన లేకుండా వంక వచ్చింది. రెండు విడతలు తప్పాయి. నీళ్లు తగ్గకముందే ట్రాక్టరు మీద తెచ్చారు. ఆక్సిజన్ పెట్టారు. వారం తర్వాత బయటపడ్డాడు. ఆ వారం నేను ఆ నోటు పుస్తకం తెరవలేదు.

మా పదవీకాలం చివరి ఏడాదిలో మంజూరు వచ్చింది. ఎన్నికల నాటికి స్తంభాలు లేచాయి. ఎదుటివాళ్లు ఊరూరా ఆ టీవీ ముక్క చూపించారు. మేం ఓడిపోయాం. ఊరి పేరు వల్లే ఓడామని నేననను, ఆ పదకొండు ఇండ్ల పట్టిక వల్ల కూడా ఓడాం, రెండు పెద్దిండ్ల వల్ల ఇంకా ఎక్కువ ఓడాం. కొత్తపల్లెలో కూడా మాకు మెజారిటీ రాలేదు. సుంకమ్మను అడిగితే, తను వేశానంది. "మా ఆయప్ప ఎవురికేసినాడో చెప్పడు నాయనా. అంతా మిషన్లో ఉండాదంటాడు" అంది.

మా అన్న మంచి ఎమ్మెల్యేనా అని అడుగుతారు. సగం సగం. ఫైలు చదివేవాడు కాదు, మనుషుల్ని త్వరగా నమ్మేవాడు, ఎక్కువసేపు కూర్చోలేడు. కానీ ఐదేళ్లలో తను చెయ్యని తప్పును తనదన్న మనిషిని సభలో నేను ఇంకొకర్ని చూడలేదు. అది నాకు దగ్గరగా జరిగింది కాబట్టి నా తీర్పు అటు మొగ్గుతుంది. మీరు కొంత తగ్గించి చదువుకోండి.

శుక్రవారం

వంతెన పోయిన నెల పూర్తయింది. ప్రారంభోత్సవానికి రిబ్బన్ మా అంగట్లోనే కొన్నారు. ఎరుపు శాటిన్, ఆరు మీటర్లు. మంచి ముహూర్తమని శుక్రవారం తొమ్మిదిన్నరకు పెట్టుకున్నారట. నేను అంగడి వదిలి చూడటానికి వెళ్లాను. మా అన్నకు పిలుపు లేదు. ఆయన కూడా వచ్చి అవతల గట్టు మీద మోకాలు చాపుకుని కూచున్నాడు.

తొమ్మిదిన్నర అయింది. ముఖ్య అతిథి రాలేదు. కొత్తపల్లె వైపు నుంచి మస్తాన్ ఆటో వచ్చి రిబ్బన్ దగ్గర ఆగింది. లోపల పుల్లన్న, ఒళ్లో ఫైలు, పక్కన సుంకమ్మ. పదిన్నరకల్లా ప్రొద్దుటూరు చేరాలి. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి, ఇంకా ప్రారంభం కాలేదని, కింద కాజ్‌వే మీదుగా పొమ్మన్నాడు. కింద వంక పారుతోంది. అతను కూడా తిరిగి చూసి, ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. పెద్దలు వచ్చేదాకా ఆగమన్నాడు.

సుంకమ్మ ఆటో దిగింది. గొడవ పడలేదు. రిబ్బన్ కిందికి పోయి రెండు చేతులతో దాన్ని పైకెత్తి పట్టుకుంది. ఇంట్లో దండెం మీది బట్టలు ఎత్తినట్టు ఎత్తింది.

"మీ రిబ్బన్ మీరు నిదానంగా కత్తిరించుకోండప్పా. మాకు పదిన్నరకు మిషన్" అంది. మస్తాన్‌ను రమ్మని తలూపింది.

ఆటో రిబ్బన్ కింద నుంచి పోయింది. సుంకమ్మ దాన్ని నెమ్మదిగా దించి, ఎక్కడా ముడత లేకుండా సరిచేసి, నడుచుకుంటూ వెళ్లి ఆటో ఎక్కింది. వంతెన అవతలికి చేరటానికి వాళ్లకు అర నిమిషం కూడా పట్టలేదు.

కానిస్టేబుల్ రిబ్బన్ దగ్గర మళ్లీ నిలబడ్డాడు. ముఖ్య అతిథి ఇంకా ముద్దనూరు దాటలేదని ఫోన్ వచ్చింది.